గుర్తుందా అని అడగొద్దు

తలకు దెబ్బతగిలి బతికి బయటపడ్డవారికి పోయిన జ్ఞాపకశక్తిని తిరిగి తెచ్చివ్వడం చాలాసార్లు సాధ్యం కాదు. అది లేకున్నా రోజు నడుపుకునే దారి చూపడం మాత్రం సాధ్యమే.

తలకు దెబ్బ తగిలితే జ్ఞాపకం ఎలా పోతుందో తెలుగు ప్రేక్షకుడికి సినిమా ఎప్పుడో నేర్పేసింది. పాత చిత్రాల్లో హీరోకో హీరోయిన్‌కో దెబ్బ తగిలి గతమంతా తుడిచిపెట్టుకుపోతుంది. క్లైమాక్స్‌లో మరో దెబ్బ తగలగానే అంతా గుర్తొస్తుంది. 2005లో వచ్చిన గజిని ఈ పాఠాన్ని కాస్త సవరించింది. మురుగదాస్ తీసిన ఆ చిత్రంలో సూర్య పాత్రకు పావుగంటకు మించి ఏదీ గుర్తుండదు. ఒంటిమీది పచ్చబొట్లు, చేతిలోని ఫొటోలే అతడికి ఆధారం. అప్పట్నుంచి 'షార్ట్ టర్మ్ మెమరీ లాస్' అన్న మాట కాలేజీ కుర్రాళ్ల జోకుల్లో చేరిపోయింది. తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన ప్రతివాడూ గజినీయే.

సినిమా రెండు విషయాల్లో తప్పు చెప్పింది. మొదటిది రెండో దెబ్బ. ఒకసారి గాయపడిన మెదడుకు మళ్లీ దెబ్బ తగిలితే నష్టం పెరుగుతుందే తప్ప తగ్గదు. రెండోది ఆ పేరు. తలకు దెబ్బతగిలిన వ్యక్తికి ఒక ఫోన్ నంబరు చెప్పి వెంటనే తిరిగి చెప్పమంటే చాలాసార్లు తడుముకోకుండా చెప్పేస్తాడు. అంటే ఆ కాసేపటి జ్ఞాపకం చెక్కుచెదరలేదన్నమాట. అతడు చేయలేనిదల్లా విన్నదాన్ని రేపటికి దాచిపెట్టుకోవడం. చిన్ననాటి స్నేహితుల పేర్లు, పెళ్లినాటి ముచ్చట్లు చెప్పగలడు. పొద్దున ఇంటికెవరొచ్చారో చెప్పలేడు.

అయితే ఒక్క విషయంలో మాత్రం సినిమా నిజానికి దగ్గరగా వచ్చింది. తలలో నిలవని సంగతిని తల బయట ఎక్కడో రాసిపెట్టుకోవాలన్న ఆలోచన అది. పచ్చబొట్టు అక్కర్లేదు కానీ, జ్ఞాపకశక్తి పునరావాసం అని వైద్యులు పిలిచే పనిలో సగానికి సగం ఇదే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే పుర్రె లోపలికి చూడాలి. మెదడు మెత్తని పదార్థం. వేగంగా వెళుతున్న తల ఒక్కసారిగా ఆగినపుడు మెదడు వెంటనే ఆగదు. కణతల దగ్గరుండే టెంపొరల్ లోబ్, నుదుటి వెనకుండే ఫ్రంటల్ లోబ్ పుర్రె అడుగుభాగపు గరుకు అంచులకు ఒరుసుకుంటాయి. లోపలి నాడీ తంతువులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. కొత్త సంగతులను భద్రపరిచే హిప్పోకాంపస్ టెంపొరల్ లోబ్ లోపలే ఉంటుంది. ఏది ఎప్పుడు చేయాలో చూసుకునే పని ఫ్రంటల్ లోబ్‌ది. అందుకే రోడ్డు ప్రమాదాల్లో ఈ రెండూ కలిసి దెబ్బతినడం పరిపాటి. సంగతి మర్చిపోవడమే కాదు, చేయాల్సిన పని చేయాల్సిన వేళకు తట్టకపోవడం కూడా అక్కడినుంచే వస్తుంది. ఒక్కోసారి తాను మర్చిపోతున్నానన్న సంగతే మనిషికి తెలియదు.

దెబ్బ ఎంత తీవ్రమైనదో చెప్పడానికి జ్ఞాపకమే కొలబద్ద అని బ్రిటన్ వైద్యుడు రిచీ రసెల్ 1932లోనే గుర్తించాడు. స్పృహ వచ్చి మాట్లాడుతున్నా, ఒక పూటకూ మరో పూటకూ మధ్య జ్ఞాపకం అతుక్కోని కాలం ఒకటుంటుంది. అది ఒక రోజు దాటితే దెబ్బ తీవ్రమైనదనీ, వారం దాటితే అతి తీవ్రమైనదనీ లెక్క. మన ఆస్పత్రుల్లో బంధువులు సాధారణంగా 'స్పృహ వచ్చిందా' అని అడుగుతారు. 'నిన్నటి సంగతి నేడు గుర్తుంటోందా' అని అడిగేవారు తక్కువ. రెండో ప్రశ్నకు జవాబే ఆ ఇంటి రాబోయే రోజులను నిర్ణయిస్తుంది.

భారతదేశంలో ఈ ప్రశ్న ఎన్ని ఇళ్లకు సంబంధించినదో ఊహించడానికి రోడ్డు లెక్కలు చాలు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4.61 లక్షల రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1.68 లక్షల మంది చనిపోయారు. 4.43 లక్షల మంది గాయపడ్డారు. మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలమీద వెళుతున్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారే దాదాపు 50 వేలు. చనిపోయినవారి లెక్క ఏటా పత్రికల్లో వస్తుంది. గాయపడ్డవారి గురించి ఆ అంకె తర్వాత మరో వాక్యం ఉండదు. వారిలో ఎంతమంది పనికి వెళ్లగలిగారన్నది ఆ నివేదికల్లో కనిపించదు.

నిజానికి ప్రాణం కాపాడటంలో దేశం రెండు దశాబ్దాల్లో చాలా దూరం వచ్చింది. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ తర్వాత అనేక రాష్ట్రాలకు పాకింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదవారికి కూడా కార్పొరేట్ ఆస్పత్రిలో తలకు ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. ఒకప్పుడు దారిలోనే పోయే ప్రాణాలు ఇప్పుడు నిలుస్తున్నాయి. కుట్లు మానతాయి, నడక వస్తుంది, జుట్టు పెరిగి మచ్చ కనిపించదు. చూసినవాళ్లు 'దేవుడి దయవల్ల ఏమీ కాలేదు' అంటారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఓ చిన్న పట్టణంలో మోటార్ వైండింగ్ షాపు నడిపే వ్యక్తిని ఊహించుకుందాం. బైకు మీదినుంచి పడ్డాడు, ఆపరేషన్ అయింది, నాలుగు నెలలకు లేచి తిరుగుతున్నాడు. కాలిన బోరు మోటారు ముందు కూర్చోబెడితే అతడి చేతులు ఏదీ మర్చిపోలేదు. పాత రాగి తీగ లాగేస్తాడు, స్లాట్లు శుభ్రం చేస్తాడు, కాయిళ్లు చుట్టి కూర్చుతాడు. మోటారు తిరుగుతుంది. కానీ ఆ మోటారు ఎవరిదో తెలియదు. అడ్వాన్సు తీసుకున్నాడో లేదో తెలియదు. ఒక రైతును మజూరీ రెండుసార్లు అడుగుతాడు. మరో రైతుకు సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చి, అతడు వెళ్లగానే ఆ మాట మర్చిపోతాడు. నెల తిరిగేసరికి 'దెబ్బ తగిలాక మనిషి మారిపోయాడు, డబ్బు కాడ మోసం చేస్తున్నాడు' అన్న మాట ఊళ్లో పుడుతుంది. మతిమరుపుకు మొదట బలయ్యేది ఆదాయం కాదు, మాట మీద ఉన్న నమ్మకం.

ఇక ఇంట్లో అందరూ ప్రేమతోనే పరీక్షలు పెడుతుంటారు. పలకరించడానికొచ్చిన మేనమామ 'నేనెవర్నిరా, చెప్పు చూద్దాం' అంటాడు. తల్లి 'పొద్దున ఏం కూర తిన్నావు నాయనా?' అని అడుగుతుంది. భార్య ఓపిక పట్టీ పట్టీ చివరికి 'నిన్ననే కదండీ చెప్పాను' అనేస్తుంది. అడిగితే మెదడు పదునెక్కుతుందని అందరి నమ్మకం. బడిలో ఎక్కాలు అలాగే కదా వచ్చాయి!

ఈ నమ్మకం ఎంత తప్పో 1994లో బ్రిటన్ పరిశోధకులు అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ చూపించారు. ఆరోగ్యవంతుడు తప్పు జవాబు చెప్పి, అది తప్పని గుర్తుంచుకుని, మరోసారి సరిదిద్దుకుంటాడు. తీవ్రమైన మతిమరుపు ఉన్నవారికి 'అది తప్పు' అన్న సంగతి గుర్తుండదు. నోటితో అన్న తప్పు జవాబు మాత్రం లోపల ముద్ర వేసుకుంటుంది. మరోసారి అడిగితే అదే ముందు నాలుకమీదికొస్తుంది. అంటే ఊహించి చెప్పమని బలవంతపెట్టిన ప్రతిసారీ ఆ తప్పునే నేర్పిస్తున్నట్టు. దీనికి విరుగుడుగా వాళ్లు సూచించిన పద్ధతిలో తప్పుకు తావే ఉండదు. 'ఈయన పేరేంటి?' అని అడగరు. 'ఈయన మీ మేనమామ, పేరు ఫలానా' అని ముందే చెప్పి, ఆ పేరును అతడి చేత పలికిస్తారు. కాసేపాగి మళ్లీ పలికిస్తారు. ఆ ఎడాన్ని నిమిషం, రెండు నిమిషాలు, ఐదు, పది అంటూ పెంచుకుంటూ పోతారు. ఇలా ఎడం పెంచుతూ నేర్పడం వల్ల సంగతి నిలుస్తుందని 1978లో లాండావర్, బ్యోర్క్ అనే అమెరికన్ పరిశోధకులు చూపారు.

అసలు మతిమరుపు ఉన్నవారు ఏదైనా నేర్చుకోగలరా? ఈ ప్రశ్నకు జవాబిచ్చినవాడు అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో, అతడి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌ను చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి కానీ ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్త సంగతులు దాదాపుగా ఏవీ నిలవలేదు. మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతడికి అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీసే పని ఇచ్చారు. మూడు రోజుల్లో అతడి చేయి బాగా తిరిగింది. ఆ పని అంతకుముందు చేసినట్టు మాత్రం ఏ రోజూ గుర్తులేదు. సంగతుల జ్ఞాపకం వేరు, పనితనపు జ్ఞాపకం వేరన్న నిజం అలా బయటపడింది. వైండింగ్ మేస్త్రి చేతులు మోటారును మర్చిపోకపోవడానికి కారణమిదే. పునరావాసం నిలబడేది కూడా ఈ పునాది మీదే. పోయిన తలుపు దగ్గర తట్టుకుంటూ కూర్చోకుండా, తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్లడం.

అంతకంటే పాత ప్రయోగం ఒకటి ప్రతి కుటుంబానికీ తెలియాలి. జెనీవాకు చెందిన క్లపరేడ్ తన చేతిలో గుండుసూది దాచుకుని, మతిమరుపు ఉన్న ఓ రోగితో కరచాలనం చేసి గుచ్చాడు. తర్వాత ఆమె అతడికి చేయి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయింది. 1911లో ఆయన ప్రచురించిన సంగతి ఇది. సంఘటన మాసిపోయినా నొప్పి మిగులుతుంది. తిట్టిన మాట గుర్తుండదు కదా అని విసుక్కునే ఇళ్లలో, రోగి కారణం తెలియకుండానే ఆ మనిషిని చూసి ముడుచుకుపోవచ్చు. అదే విధంగా, ఓర్పుగా గడిపిన ఓ సాయంత్రం మర్చిపోయినంత మాత్రాన వృథా పోయినట్టు కాదు.

ఈ విద్యకు యుద్ధాలే మొదటి బడి. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సోవియట్ సైనికుల మధ్య పనిచేసిన అలెగ్జాండర్ లూరియా, పోయిన పనిని మెదడు మరో దారిలో చేసేలా నేర్పవచ్చని వాదించాడు. 1943లో స్మోలెన్స్క్ దగ్గర తూటా తగిలిన జసెట్స్కీ అనే సైనికుడికి అక్షరాలు గుర్తుపట్టడమే గగనమైంది. ఒక్కో అక్షరం తలుచుకుని రాయబోతే చేయి ఆగిపోయేది. ఆలోచించకుండా పదం మొత్తాన్ని గొలుసుకట్టుగా రాసేయమంటే రాయగలిగాడు. ఆ దారి పట్టుకుని, తాను రాసింది తానే సరిగా చదవలేని స్థితిలో, రెండు దశాబ్దాలకు పైగా తన కథను దాదాపు 3,000 పేజీలు రాశాడు.

అయినా చాలా కుటుంబాలు అడిగేది ఒక్కటే: మళ్లీ మునుపటిలా అవుతాడా? మొదటి ఆరు నెలల నుంచి ఏడాది వరకు మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. ఈ దశలోనే బ్రెయిన్ గేములు, జ్ఞాపకశక్తి మాత్రలు, లేహ్యాలు అమ్మేవారు గుమ్మం ముందుకొస్తారు. మెదడు కండరం కాదు. కంప్యూటర్‌లో బొమ్మల జతలు కలిపే ఆటలో ఆరితేరిన వ్యక్తి ఆ ఆటలో మాత్రమే ఆరితేరుతాడు. మాత్ర వేసుకోవడం యథాప్రకారం మర్చిపోతాడు. ఇన్‌కాగ్ పేరుతో అంతర్జాతీయ నిపుణులు 2014లో రూపొందించి 2023లో సవరించిన మార్గదర్శకాలు కూడా మొగ్గు చూపింది పుస్తకం, ఫోన్ వంటి బయటి సాధనాలవైపే. మనసులో బొమ్మ కట్టుకుని గుర్తుంచుకోవడం వంటి కిటుకులు స్వల్పంగా దెబ్బతిన్నవారికి పనికొస్తాయి. తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఆ కిటుకును వాడాలన్న సంగతే గుర్తుండదు.

బయటి సాధనం ఎంత మేలు చేస్తుందో లెక్కతో సహా చూపినది న్యూరోపేజ్. దాన్ని తయారుచేసింది వైద్యుడు కాదు, కన్నతండ్రి. తలకు గాయమైన కొడుకు కోసం కాలిఫోర్నియా ఇంజనీరు లారీ ట్రెడ్‌గోల్డ్, న్యూరోసైకాలజిస్టు నీల్ హెర్ష్‌తో కలిసి రూపొందించిన పేజర్ అది. వేళకు మోగి, చేయాల్సిన పనిని అక్షరాల్లో చూపుతుంది. బార్బరా విల్సన్ బృందం 143 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2001లో వెలువడ్డాయి. 16 వారాల పరీక్ష పూర్తి చేసినవారిలో 80 శాతానికి పైగా, పేజరు ఉన్నపుడు తమ పనులు చెప్పుకోదగ్గంత మెరుగ్గా చేసుకున్నారు. పేజరు తిరిగిచ్చేశాక కాస్త వెనక్కు తగ్గినా మొదటి స్థితికి మాత్రం దిగజారలేదు. వేళకు చేయడం కొందరికి అలవాటుగా మారిపోయింది. నేడు మారుమూల పల్లెలో కూడా చవక ఫోన్ ఆ పేజరు పని చేసిపెట్టగలదు. చదవడం రానివారికి భార్య గొంతుతో రికార్డు చేసిన మాట చాలు.

అయితే ఫోన్ చేతిలో పెట్టినంత మాత్రాన పని జరగదు. జ్ఞాపకాల పుస్తకం వాడటాన్నే నేర్పాలని సోల్‌బర్గ్, మటీర్ అనే అమెరికన్ నిపుణులు 1989లో ఒక క్రమం రాశారు. ముందు పుస్తకంలో ఏముందో తెలియాలి, తర్వాత ఎప్పుడు తెరవాలో తెలియాలి, ఆ తర్వాత ఇంట్లోనూ వీధిలోనూ వాడి చూడాలి. వైండింగ్ షాపులో ఇది ఎలా ఉంటుంది? మోటారు దిగగానే దానికి ఒక అట్టముక్క కట్టాలి. దానిమీద ఊరు, పేరు, సెల్ నంబరు, ఇచ్చిన అడ్వాన్సు, చెప్పిన రోజు. అట్ట కట్టకుండా మోటారు విప్పకూడదన్నది ఒక్కటే నియమం. ఆ ఒక్క నియమాన్ని చేతి అలవాటుగా మార్చడానికి వారాలు పట్టొచ్చు. వైండింగ్ షాపుల్లో తీగ గేజి, చుట్ల లెక్క పుస్తకంలో రాసుకోవడం మామూలే. పునరావాసం ఆ పుస్తకానికే మరో రెండు గళ్లు గీస్తుంది.

దీనికి పెద్ద అడ్డంకి సాంకేతికం కాదు, సిగ్గు. తెలుగువారు జ్ఞాపకాన్ని కళగా గౌరవించిన జాతి. శతావధానంలో అవధాని చివర ధారణ చేస్తూ పద్యాలన్నీ వరసగా అప్పజెప్పినపుడు సభ లేచి చప్పట్లు కొడుతుంది. బడిలో మొదటి ర్యాంకు, ఇంట్లో మెప్పు ధారణకే. అలాంటి చోట చీటీ చూసి మాట్లాడటం చిన్నతనం అనిపిస్తుంది. 'అన్నీ రాసిపెడితే బద్ధకం వచ్చి ఉన్న కాస్త తెలివీ పోతుంది' అని పెద్దలు అడ్డుపడతారు. రాసుకోవడం వల్ల జ్ఞాపకం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఆ మాట అనే పెద్దవాళ్లే మరిచిపోకుండా ఉండేందుకు చీర కొంగుకు ముడి వేసుకున్నారు. ముడి వేసుకున్న వాళ్లను ఎవరూ తక్కువచేసి చూడలేదు.

ఇల్లు చేయగలిగింది ఇంత ఉంటే, రాజ్యం చేయాల్సింది ఇంకెంతో ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ భారతీయులకు సరిపడే ప్రమాణాలతో 2004లో మెదడు సామర్థ్య పరీక్షలను ప్రచురించింది. జ్ఞాపకం ఎక్కడ తెగిందో కొలిచే పరికరం అలా దేశానికి సమకూరింది. కొలిచి, ఇంటికి తగిన పద్ధతి నేర్పే మనుషులు మాత్రం పెద్ద నగరాలు దాటి రారు. ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం డబ్బు కడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి సాగాల్సిన శిక్షణ భారం కుటుంబం మీదే పడుతుంది.

చట్టం కూడా ఈ మతిమరుపును సూటిగా చూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. యాసిడ్ దాడి బాధితులు, పార్కిన్సన్స్ రోగులు అందులో చేరారు. తలకు గాయం అన్న పేరు ఆ జాబితాలో లేదు. కాలో చేయో పోతే ధ్రువపత్రం దొరకడం తేలిక. మతి పోయినవాడు, బయటికి నిక్షేపంగా కనిపించేవాడు, తన నష్టాన్ని మరో శీర్షిక కింద ఇరికించి నిరూపించుకోవాలి. అదీ తనకేం జరిగిందో తానే సరిగా చెప్పలేని స్థితిలో!

ఈ విషయంలో న్యాయస్థానాలు కొంత ముందున్నాయి. శరీరంలో ఎంత శాతం పోయిందన్నది కాదు, ఆ వ్యక్తి సంపాదన ఎంత దెబ్బతిందన్నది చూడాలని సుప్రీం కోర్టు 2010లో తేల్చిచెప్పింది. ఎడమ చేయి పోతే వడ్రంగికి బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తాకు అంతగా పోకపోవచ్చు అన్నది ఆ తీర్పు సారాంశం. హర్యానాలో ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న 12 ఏళ్ల బాలిక కేసులో 2020 ఫిబ్రవరిలో పరిహారాన్ని రూ. 62 లక్షలకు పైగా పెంచుతూ, జీవితాంతం ఆమెను చూసుకునే మనుషుల ఖర్చును కూడా కోర్టు లెక్కగట్టింది. సంరక్షణ అనేది పని అనీ, దానికి విలువ ఉంటుందనీ ఒప్పుకోవడమే ఇందులో అసలు విశేషం. ప్రమాదం 2007లో జరిగింది. అంటే ఆ ఒప్పుకోలుకు 12 ఏళ్లు దాటింది.

ఆ పన్నెండేళ్ల లాంటి కాలాన్ని రోజు రోజుగా మోసేది ఇంట్లోని ఆడవాళ్లు. మాత్రల వేళ, గ్యాస్ పొయ్యి, అప్పులవాళ్ల ఫోన్లు, పిల్లల ఫీజు అన్నీ ఒక్కరి తలలోకి చేరతాయి. ఒక మనిషి జ్ఞాపకం పోతే మరో మనిషి జ్ఞాపకం రెండింతలు పనిచేయాలి. కనుక పునరావాసం రోగి కోసం మాత్రమే అనుకోవడం పొరపాటు. గోడమీద పలక, జేబులో పుస్తకం, మోగే ఫోన్ అన్నీ ముందుగా తేలికపరిచేది ఆమె తలను.

గెలుపు కొలత కూడా ఇక్కడే మారాలి. జాబితాలోని 15 మాటల్లో 12 చెప్పాడా లేదా అన్నది పరీక్ష గదిలో లెక్క. పొద్దున ఎవరూ చెప్పకుండా మాత్ర వేసుకున్నాడా, ఎవరి మోటారు వారికే ఇచ్చాడా, భార్య ఒక పూట పుట్టింటికి వెళ్లి నిశ్చింతగా తిరిగి రాగలిగిందా అన్నది ఇంటి లెక్క. మొదటిదాంట్లో మార్కులు పెరగకుండానే రెండోదాంట్లో మనిషి నెగ్గవచ్చు.

ఇందుకు కోట్ల రూపాయల భవనాలు అవసరం లేదు. తలకు ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటపుడు మందుల చీటీతో పాటు ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే తెలుగులో మరో కాగితం ఇవ్వడం ఏ ఆస్పత్రికీ భారం కాదు. పరీక్షలు పెట్టొద్దు, ముందే చెప్పండి. రోజూ అదే వేళకు అదే పని చేయించండి. రాసిపెట్టండి, రాసింది చూడటం నేర్పండి. మర్చిపోతే తిట్టొద్దు, తిట్టింది మర్చిపోయినా బాధ మిగులుతుంది. ఈ నాలుగు మాటలూ ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో ఏళ్ల తరబడి సాగిన పోట్లాటలు తప్పేవి. ఆ మాటలు గుర్తుపెట్టుకోవాల్సింది దెబ్బ తగిలినవాడు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు. వాళ్ల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు.